కూడిక గుర్తు

చూపు మందగించిందని మా గురువుగారు నాతో మొదటిసారి చెప్పింది 2007 వేసవిలో. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. తెనాలిలో వారి ఇంటి వసారాలో పడక కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఉన్న నోటు పుస్తకాన్ని వెలుతురు వైపు తిప్పి, మళ్లీ తన వైపు తిప్పుకొని, చివరకు మూసి నా చేతికిచ్చారు. "నా రాత నాకే కనిపించడం లేదమ్మా. ఇక దీన్ని నువ్వే ఒక దారికి తేవాలి" అన్నారు.

అవి ఆరు పొడవాటి నోటు పుస్తకాలు. ఒక ప్రబంధానికి ఆయన పన్నెండేళ్ల పాటు రాసిన వ్యాఖ్యానం. నాలుగు ఆశ్వాసాలు, 412 పద్యాలు, వచనాలు వేరు. నా పిహెచ్.డి. పరిశోధనకు మార్గదర్శకులు ఆయనే. ఆ కావ్యంలోని ఎన్నో పద్యాల స్వారస్యం నాకు ఆ వసారాలోనే తెలిసింది. అందుచేత ఆ పని నాకు బరువుగా తోచలేదు. గుంటూరుకు తిరిగి వచ్చే పాసింజరు రైలులో ఆ పుస్తకాల సంచిని పైన పెట్టడానికి మనసొప్పక ఒళ్లోనే ఉంచుకున్నాను.

టైపు చేసే పనిని ఎవరికీ అప్పగించకూడదని నిశ్చయించుకొన్నాను. ఛందస్సు తెలియని వారి చేతిలో గురులఘువులు తారుమారవుతాయన్నది పైకి చెప్పుకొన్న కారణం. అప్పుడే ఇంటికి కొత్తగా కంప్యూటరు కొనుక్కొన్నామన్నది అసలు కారణం. తెలుగు కీబోర్డు నేర్చుకోవడానికి నెల రోజులు పట్టింది. ఆ తరువాత చేయి తిరిగింది. కళాశాల నుండి రాగానే కూర్చుంటే రాత్రి పదకొండు దాకా రోజుకు ఐదారు పద్యాలు, వాటి వ్యాఖ్యానంతో సహా పూర్తయ్యేవి.

ప్రతి పద్యానికీ నాలుగు భాగాలు. మొదట మూలపద్యం, తరువాత ప్రతిపదార్థం, తాత్పర్యం, చివర విశేషాంశాలు. మూలపద్యం పెద్ద అక్షరంలో ఉండాలి. కొంచెం లోపలికి జరిగి ఉండాలి. యతిస్థానంలోని అక్షరం ముద్దగా, నల్లగా కనబడాలన్నది గురువుగారి కోరిక. చదివే విద్యార్థికి వేలు పెట్టి చూపినట్లు ఉంటుందని. నేను ఒక్కొక్క పద్యాన్నీ పెళ్లికూతురిని ముస్తాబు చేసినట్లు చేశాను. పద్యమంతా మౌసుతో పట్టుకొని 14 పాయింట్లు చేయడం, లోపలికి జరపడానికి స్పేస్ బార్ ఎనిమిది సార్లు నొక్కడం, కింద ఖాళీ కోసం ఎంటర్ రెండు సార్లు నొక్కడం, యతి అక్షరాన్ని పట్టుకొని బోల్డు చేయడం. చంపకమాల పాదానికి 21 అక్షరాలు కదా! సంయుక్తాక్షరాలు ఎక్కువైతే పాదం చివర ఒక్క అక్షరం జారి కింది పంక్తిలో పడేది. అటువంటి చోట అక్షరాల మధ్య ఎడం కొంచెం తగ్గించి, పాదాన్ని లోపలికి ఇరికించేదాన్ని. ఇలా ఇరికించినవే యాభై దాకా ఉంటాయి. పుట అందంగా వచ్చింది. దానిని చూసి నేను పడ్డ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆగస్టులో టైపు పూర్తయింది. తెనాలి వెళ్లి చెప్పాను. గురువుగారు ఎంతో సంతోషించారు. కంటి వైద్యులు ఆయనకు నడిమి చూపు క్రమంగా పోతున్నదని, పెద్ద అక్షరాలైతే ఇంకొన్నాళ్లు చదువుకోవచ్చునని చెప్పారట. "అక్షరం బాగా పెద్దది చేసి ఒక ప్రతి తీయించగలవా అమ్మా? ఆఖరుసారి నా కళ్లతో నేనే దిద్దుతాను" అన్నారు. అదెంత పని అనుకున్నాను. "వచ్చే ఆదివారానికి తెస్తాను" అని మాట కూడా ఇచ్చాను.

ఇంటికి వచ్చి ఫైలు మొత్తాన్ని ఒక్కసారిగా పట్టుకొని 22 పాయింట్లు చేశాను. అంతే! పద్యం, అర్థం, తాత్పర్యం, అన్నీ ఒకే ప్రమాణంలోకి వచ్చి ఏది ఏదో తెలియకుండా పోయింది. నేను పెట్టిన ఎనిమిది స్పేసులు పద్యాన్ని పుట మధ్యలోకి నెట్టాయి. సీసపద్యం పాదాలు విరిగి, తునకలు తునకలుగా పడ్డాయి. ఇరికించిన పాదాలలో గుణింతాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చిన్న అక్షరానికి సరిపోయేలా నేను చేసిన ప్రతి సర్దుబాటూ పెద్ద అక్షరానికి అడ్డం తిరిగింది.

ఒక సహోద్యోగిని అడిగితే, కంట్రోల్, స్పేస్ బార్ కలిపి నొక్కితే చేతితో పెట్టిన అక్షరాలంకారాలన్నీ తొలగిపోతాయనీ, మళ్లీ మొదటి నుండి చేసుకోవచ్చుననీ చెప్పారు. ఆ రాత్రి అలాగే చేశాను. తెర మీద తెలుగు మాయమై, ప్రబంధం మొత్తం అర్థంలేని రోమను అక్షరాలుగా మారిపోయింది. మూడు నెలల శ్రమ కళ్లముందే గల్లంతయిందనుకున్నాను. చేతులు వణికాయి. అన్‌డూ నొక్కితే తిరిగి వచ్చిందనుకోండి. కానీ కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆనాడు మేము వాడిన తెలుగు ఫాంట్లు రోమను అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చి చేసినవి. ఫైలులో దాగి ఉన్నవి రోమను సంకేతాలే. పైన ఫాంటు అనే ముసుగు ఉన్నంతసేపే అది తెలుగు. ఆ ముసుగును కూడా నేను అక్షరాల మీద చేతితోనే తొడిగాను. చేతితో పెట్టినవన్నీ తీసివేయమంటే యంత్రం దానిని కూడా తీసివేసింది.

ఆ ఆదివారం మాట తప్పాను. తరువాతి ఆదివారమూ తప్పాను. ఒక్కొక్క పద్యాన్నీ పట్టుకొని, స్పేసులు తొలగించి, పాదాలు కలిపి, మళ్లీ విడదీసి, దసరా సెలవుల నాటికి మొదటి ఆశ్వాసం ఒక్కటి పెద్ద అక్షరాలలో సిద్ధం చేయగలిగాను. తీసుకుని వెళ్లాను. గురువుగారు ఆ కాగితాలను వెలుతురుకు పట్టి చూశారు. కొంచెం పక్కకు వంచి చూశారు. అంచులు కనిపిస్తున్నాయిగాని మధ్యలో మసకగా ఉందన్నారు. "కాగితం మంచిదే వేయించావమ్మా" అని, ఆ కట్టను నాకే తిరిగి ఇచ్చి, "చదువు, వింటాను" అన్నారు.

నేను చదివాను, ఆయన విన్నారు. నాలుగు ఆశ్వాసాలూ అలాగే సాగాయి. చెవితోనే ఆయన పట్టుకొన్న తప్పులు నూటికి పైగా ఉన్నాయి. గణం తప్పితే చేయి పైకి లేచేది. 2008లో పుస్తకం వెలువడింది. దానిని చేతితో తడిమి చూసుకొన్నారు. 2010లో ఆయన కన్నుమూశారు.

2013 నాటికి ప్రతులన్నీ చెల్లిపోయాయి. రెండవ ముద్రణ వేయాలని కొందరు అడిగారు. నా పూర్వ విద్యార్థి ఒకడు బ్రాడీపేటలో డి.టి.పి. సెంటరు నడుపుతున్నాడని తెలిసి అతని దగ్గరకు వెళ్లాను. ఇంటర్మీడియట్‌లో నా తరగతిలో వెనుక బెంచీలో కూర్చొనేవాడు. ఛందస్సు పాఠం నడుస్తున్నప్పుడు కిటికీలోంచి బయటకు చూసేవాడు. నా ఫైలును ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి కొంతసేపు మౌనంగా చూశాడు.

"మేడమ్, ఈ ఫైలు ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తే ఏం?"

"ఏమీ లేదు మేడమ్. ఎక్కడ నొక్కినా కూడిక గుర్తే కనిపిస్తోంది."

తెర కుడివైపున ఒక చిన్న పట్టీ ఉంది. అందులో 'నార్మల్' అనే పేరు, దాని పక్కన ఒక కూడిక గుర్తు. అతను ఏ పద్యం మీద నొక్కినా అదే. తాత్పర్యం మీద నొక్కినా అదే. అప్పుడు అతను చెప్పినదానిని నా మాటల్లో చెప్తాను.

ఇటువంటి సాఫ్ట్‌వేర్లలో ఒక పేరాకు రూపం ఇచ్చే మార్గాలు రెండు. పేరాను పట్టుకొని దాని పరిమాణం, ఎడం, అంచు నేరుగా మార్చడం ఒకటి. ఆ లక్షణాలన్నింటినీ ఒకచోట నిర్వచించి, ఆ నిర్వచనానికి ఒక పేరు పెట్టి, పేరాకు ఆ పేరును తగిలించడం రెండవది. ఆ పేరునే పారాగ్రాఫ్ స్టైల్ అంటారు. పేరు తగిలించిన తరువాత కూడా ఎవరైనా చేతితో ఏదైనా మార్చితే దానిని ఓవర్‌రైడ్ అంటారు. పేరుకూ, పుట మీద ఉన్న రూపానికీ తేడా వచ్చిందని తెలపడానికే ఆ కూడిక గుర్తు. అంటే 'నార్మల్' అని పిలిచినా ఇది నార్మల్ కాదు, దీనికి మరేదో కలిసింది అని అర్థం. నా పుస్తకంలో పేరా పేరాకూ ఏదో ఒకటి కలిసింది. ఏం కలిసిందో, ఎందుకు కలిసిందో ఎక్కడా రాసిలేదు.

స్టైల్ అనగానే నాకు కవుల శైలి గుర్తుకొచ్చింది. నన్నయ శైలి, తిక్కన శైలి అని ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నోరు కదా! కానీ ఆలోచించిన కొద్దీ ఇది శైలికి దగ్గరిది కాదు, ఛందస్సుకు దగ్గరిది అని తోచింది. తాళపత్రాలలో పద్యానికి పాదవిభజన ఉండదు. ఆకు ఈ చివరి నుండి ఆ చివరి దాకా అక్షరాలు ఎడతెగకుండా సాగిపోతాయి. అయినా చదవగలిగినవాడు దానిని కందంగానో, సీసంగానో విడదీసుకొని చదువుతాడు. అచ్చు పుస్తకాలలో పద్యం ముందు 'క.' అనో, 'సీ.' అనో, 'ఉ.' అనో వేస్తాం. ఆ ఒక్క అక్షరం చాలు. కందమైతే మొదటి, మూడవ పాదాలు పొట్టివి, రెండవ, నాలుగవ పాదాలు పొడుగువి. సీసమైతే చివర ఒక గీతం ఉండి తీరాలి. ఉత్పలమాల అయితే 20 అక్షరాలు, పదవ అక్షరం యతి. ఇవన్నీ ప్రతి పద్యం దగ్గరా తిరిగి చెప్పం. లక్షణగ్రంథంలో ఒకసారి చెప్పి ఉంటుంది. ఆకు మారినా, పుట మారినా, కాగితం పోయి తెర వచ్చినా కందం కందంగానే ఉన్నదంటే, దాని రూపం ఏ ఒక్క ఆకుకూ అంటుకొని లేదు కాబట్టే. ఇదంతా తెలిసిన నేను 412 పద్యాలకూ ఎనిమిదేసి స్పేసులు కొట్టాను!

ఆ రోజే పేర్లు పెట్టడం మొదలుపెట్టాం. మొదట 'పద్యం' అనే మూల స్టైల్. దానిని ఆధారంగా చేసుకొని వృత్తం, కందం, సీసం, గీతం. ఆధారపడిన స్టైల్‌లో తేడా ఉన్న లక్షణాన్ని మాత్రమే చెప్పాలి. మిగిలినవి తల్లి నుండి వస్తాయి. తల్లి అక్షరం మారితే పిల్లల అక్షరం మారుతుంది. అయితే పిల్ల తనకంటూ ఒక పరిమాణం చెప్పుకొని ఉంటే తల్లి మాట దానికి పట్టదు. అందుకని అతను పిల్లల దగ్గర అంచులు, ఖాళీలు మాత్రమే వేరుగా ఉంచి, అక్షర పరిమాణం జోలికి పోలేదు. పంక్తుల మధ్య ఎడాన్ని కూడా ఇన్ని పాయింట్లు అని బిగించలేదు, అక్షరంలో ఇంత శాతం అని పెట్టాడు. తెలుగుకు ఇది చాలా అవసరం. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. ఎడం పెరగకుండా అక్షరం పెరిగితే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని గుద్దుతుంది.

నేను అంతటితో ఆగలేదు. వృత్తం కింద ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అని మళ్లీ విడివిడిగా పేర్లు పెట్టించాను. "నాలుగూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి కదా మేడమ్, ఎందుకు?" అని అడిగాడు. "ఉండనీ నాయనా. ఒక్కలా కనిపించినంత మాత్రాన ఒకటే అవుతాయా?" అన్నాను. పుస్తకం చివర ఛందస్సుల పట్టిక ఒకటి వేయాలి. ఏ స్టైల్ పేరు ఎన్ని పేరాలకు ఉందో వెదికిస్తే ఆ లెక్క తేలుతుందని అతనే చెప్పాడు. తరగతిలో కిటికీలోంచి బయటకు చూసినవాడు ఇప్పుడు నాకంటే ముందుగా చూస్తున్నాడు.

ప్రతిపదార్థం విషయంలో అతని నేర్పు చూసి ఆశ్చర్యపోయాను. మూలపదం, సమానార్థక గుర్తు, అర్థం, సెమికోలన్, మళ్లీ మూలపదం. ఇదే వరుస పుటల కొద్దీ సాగుతుంది. మూలపదాలన్నింటినీ నేను ఒక్కొక్కటిగా బోల్డు చేశాను, వేల సంఖ్యలో. అతను స్టైల్‌లోనే ఒక నియమం పెట్టాడు: సమానార్థక గుర్తు దాకా ముద్ద అక్షరం, అక్కడి నుండి సెమికోలన్ దాకా మామూలు అక్షరం, తిరిగి మొదటి నుండి. మీట నొక్కగానే మొదటి ఆశ్వాసం ప్రతిపదార్థమంతా వరుసలో నిలబడింది. నేను రెండు నెలలు చేసిన పని అది. నవ్వు వచ్చింది. కొంచెం బాధ కూడా కలిగింది.

అసలు ప్రమాదం ఆ తరువాత జరిగింది. పద్యాలన్నింటికీ పేర్లు తగిలించాక కూడా కూడిక గుర్తులు పోలేదు. పాత సర్దుబాట్లు పైన అలాగే ఉన్నాయి. "ఇప్పుడు వీటిని కడిగేద్దాం మేడమ్" అని, పద్యాలను పట్టుకొని, ఆల్ట్ మీట అదిమి స్టైల్ పేరు మీద నొక్కాడు. కూడిక గుర్తులు మాయమయ్యాయి. ఇరికించిన పాదాలు సడలాయి. పుట శుభ్రపడింది. ఫాంటును ముందే స్టైల్‌లో చెప్పి ఉంచాడు గనుక ఈసారి తెలుగు తెలుగుగానే నిలిచింది. కానీ నా కళ్లు మరొకదాని కోసం వెదికాయి. యతి అక్షరాలు! గురువుగారు అడిగి పెట్టించిన నల్లని అక్షరాలు ఒక్కటీ లేవు. 412 పద్యాలలో పదహారు వందల పైచిలుకు అక్షరాలు.

"ఆపు! వెనక్కి తే!" అని అరిచాను. సెంటరులో ఉన్నవారంతా తిరిగి చూశారు. అతను కంగారుగా అన్‌డూ చేశాడు.

యంత్రాన్ని తప్పుపట్టలేం. ఒక అక్షరాన్ని నేను పాదం జారుతుందని ఇరికించాను. మరొక అక్షరాన్ని గురువుగారు చెప్పారని నల్లగా చేశాను. మొదటిది ఆ పుటకు మాత్రమే పనికివచ్చే సర్దుబాటు. రెండవది కావ్యానికి సంబంధించినది. నాకు ఆ భేదం తెలుసు. కానీ రెండింటినీ ఒకే తీరుగా, పేరు లేకుండా చేశాను కనుక యంత్రానికి రెండూ ఒకటే. మన వ్యాకరణాలలో ఉత్సర్గం, అపవాదం అని చెప్తారు. సామాన్య సూత్రం ఉత్సర్గం. దానిని ఒక ప్రత్యేక సందర్భంలో బాధించేది అపవాదం. అయితే అపవాదం కూడా సూత్రమే. దానికీ ఒక స్థానం, ఒక మాట ఉంటాయి. మాట లేకుండా తేడాగా ఉన్నదానిని అపప్రయోగం అంటాం. నా యతి అక్షరాలు నా దృష్టిలో అపవాదాలు. ఫైలులో మాత్రం అపప్రయోగాలతో కలిసి పడి ఉన్నాయి.

దానికి తగిన ఏర్పాటు కూడా ఉంది. పేరాకు కాక, పేరాలోని కొన్ని అక్షరాలకు మాత్రమే వర్తించేది కారెక్టర్ స్టైల్. దానికి 'యతి' అని పేరు పెట్టాం. పద్యాలలో బోల్డుగా ఉన్న ప్రతి అక్షరాన్నీ వెదికి, దానికి ఈ పేరు తగిలించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తరువాత మళ్లీ ఆల్ట్ మీటతో కడిగితే చేతి సర్దుబాట్లు పోయి, పేరు ఉన్న యతులు మాత్రం నిలిచాయి. కొన్ని చోట్ల పద్యం మొత్తం యతిగా మారింది. తొలి రోజుల్లో నచ్చిన పద్యాలను నేను పూర్తిగా బోల్డు చేసి ఉన్నాను మరి. వాటిని కూర్చుని సరిచేశాను. యతిస్థానాన్ని లెక్కించే పని కూడా యంత్రానికే అప్పగించవచ్చునేమోనని ఆశపడ్డానుగాని అది కుదరలేదు. యంత్రం లెక్కించేది సంకేతాలను. మనం లెక్కించేది అక్షరాలను. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు. యతి దగ్గర మనిషి వేలే కావాలి.

ఒక్కచోట మాత్రం కూడిక గుర్తును ఉంచాం. మూడవ ఆశ్వాసంలో ఒక మత్తేభానికి మూడవ పాదంలో గ్రంథపాతం ఉంది. గురువుగారు అక్కడ ఖాళీ వదిలి చుక్కలు పెట్టారు. ఆ చుక్కల మధ్య ఎడాన్ని చేతితో సర్దవలసి వచ్చింది. దానికి కూడా పేరు పెడదామన్నాడు శిష్యుడు. 412 పద్యాలలో ఒక్కసారి వచ్చేదానికి పేరెందుకు, ఆ గుర్తు ఉంటేనే మంచిది, ఎవరైనా ఆగి ఎందుకని చూస్తారు అన్నాను. ఇది నియమానికి విరుద్ధమేనేమో, నాకు తెలియదు. ఇప్పటికీ అది అలాగే ఉంది.

ఇలా శుద్ధి అయిన తరువాతే ఫైలును యూనికోడ్‌లోకి మార్చగలిగాం. పాత ఫాంటులోని తెలుగుకూ, అసలైన ఇంగ్లీషుకూ లోపల ఉన్నవి ఒకే రోమను సంకేతాలు కదా! పీఠికలో అక్కడక్కడ ఇంగ్లీషు పుస్తకాల పేర్లున్నాయి. ఏది తెలుగో ఏది ఇంగ్లీషో స్టైల్ పేరును బట్టి విడదీసి, తెలుగును మాత్రమే మార్చాడు. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సి.ఎస్.6 నుండి భారతీయ లిపులను సరిగా కూర్చే ఏర్పాటు అందులోనే ఉంది. దానినీ, కొత్త ఫాంటునూ మూల స్టైల్‌లో ఒక్కసారి చెప్తే సరిపోయింది.

అంతా అయ్యాక అతను మామూలుగానే అడిగాడు: "ప్రూఫు ఏ సైజులో తీయమంటారు మేడమ్?"

"22 పాయింట్లలో తీయగలవా?" అన్నాను.

పుట పరిమాణం మార్చి, మూల స్టైల్‌లో 14 తీసి 22 వేశాడు. వ్యాఖ్యానపు స్టైల్‌నూ ఆ మేరకు పెంచాడు. పద్యాలు పెరిగాయి, అంచులు నిలిచాయి. జారిన పాదాలు నియమం ప్రకారం కింది పంక్తిలో ఒద్దికగా కూర్చున్నాయి. టీ తాగడానికి పట్టినంత సమయం కూడా పట్టలేదు. నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను. అతను నా ముఖం చూసి, కారణం అడగకుండా ప్రింటరులో కాగితాలు పెట్టడానికి లేచాడు.

ఆ పెద్ద కట్టను తెనాలి తీసుకువెళ్లాను. గురుపత్నికి అప్పటికి ఎనభై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయి చూపు కొంత నిలిచింది. ఆమె ఏ బడిలోనూ ఛందస్సు చదవలేదు. అరవై ఏళ్లు ఆ వసారాలో వంటింటి గడప దగ్గర కూర్చుని విన్నారు. కట్టను పీట మీద పెట్టుకొని, ఒక్కొక్క కాగితమూ తిరగేస్తూ, గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది.

రెండవ ఆశ్వాసంలో ఒక పద్యం దగ్గర ఆమె ఆగారు. మళ్లీ చదివారు. వేలి కణుపుల మీద అక్షరాలు లెక్కపెట్టారు.

"ఇక్కడ 'చ.' అని వేశావేమిటమ్మా? మొదటే గురువుంది కదా. ఇది ఉత్పలం. ఇదిగో, నల్లగా పెట్టిన అక్షరం చూడు, పదకొండోది. పదోది కదా ఉండాలి?"

కాగితం అందుకొని చూశాను. నిజమే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది. అక్షరం ఒకటి పెరిగి, యతి ఒక స్థానం జరుగుతుంది. తక్కినదంతా ఒకటే. 2007లో తొందరలో పద్యం ముందు 'చ.' అని కొట్టి, ఆ పేరునే నమ్మి, నాలుగు పాదాలలోనూ పదకొండవ అక్షరాన్ని నల్లగా చేశాను. మొదటి ముద్రణలోనూ అలాగే వెళ్లింది. మొన్న స్టైల్ పేరు పెట్టినప్పుడూ ఆ 'చ.'నే చూసి చంపకమాల అని పెట్టించాను.

గురువుగారి చెవిని ఈ తప్పు ఎలా దాటిపోయిందా అని కాసేపు ఆలోచించాను. తరువాత తట్టింది. పద్యంలో తప్పు లేదు. నేను సరిగానే చదివాను, ఆయన సరిగానే విన్నారు. పద్యం ముందున్న 'చ.'ను నేను పైకి చదవలేదు. నల్లని అక్షరం వినబడదు.

బ్రాడీపేటకు ఫోను చేసి చెప్పాను. అతను ఆ పద్యానికి స్టైల్ పేరు మార్చి, నాలుగు యతులనూ ఒక్కొక్క అక్షరం వెనక్కి జరిపాడు. "ఛందస్సుల పట్టికలో కూడా మార్చాలి మేడమ్. చంపకమాలలు ఒకటి తగ్గాయి, ఉత్పలమాలలు ఒకటి పెరిగాయి" అన్నాడు. అమ్మగారు అప్పటికే తరువాతి పద్యం అందుకొన్నారు.